మీ ప్రశ్న – మా జవాబు: బంగ్లాదేశ్ కొండల్లో బోమ్ వాళ్లు

పోయిన నెల ఇదే కాలమ్‌లో మిజోరం వెదురు పూత గురించి ఎవరో అడిగితే జవాబు చెప్తూ, బోర్డర్ అవతల బంగ్లాదేశ్‌లో బోమ్ అనే చిన్న తెగ కొండ వాలు మీద వేసే జూమ్ చేలు కూడా ఆ పూతకి బాగా దెబ్బతిన్నాయని ఒక్క ముక్క రాసి వదిలేశాను. ఆ ఒక్క ముక్కకే బోలెడు ఉత్తరాలూ వాట్సాప్ మెసేజ్‌లూ వచ్చాయి. అందుకని ఈ నెల వేరే ప్రశ్నలన్నీ పక్కన పెట్టేసి వాటికే జవాబులిస్తున్నా. షుగర్ డైట్ గురించి అడిగిన మల్కాజిగిరి పెద్దాయన ఒక్క నెల ఓపిక పట్టాలి.

సార్, మేం నల్లగండ్లలో ఉంటాం. పై పోర్షన్‌లో సెంట్రల్ యూనివర్సిటీలో చదివే మిజోరం అమ్మాయి అద్దెకుంటోంది. వాళ్ల అమ్మమ్మ వైపు చుట్టాలు బంగ్లాదేశ్‌లో ఉన్నారట, వాళ్లు బోమ్ వాళ్లట, బెంగాలీలు కాదు ముస్లింలూ కాదు అంటోంది. బంగ్లాదేశ్‌లో అలాంటివాళ్లు ఎలా ఉన్నారు? — ఒక గృహిణి, నల్లగండ్ల

బంగ్లాదేశ్ అనగానే మనకి నీళ్లు, పడవలు, పల్లపు పొలాలే గుర్తొస్తాయి కదండీ, కానీ ఆ దేశానికి ఆగ్నేయంగా ఒక మూల అంతా కొండలే. చిట్టగాంగ్ హిల్ ట్రాక్ట్స్ అంటారు, రంగామాటి, ఖాగ్రాఛరి, బాందర్‌బన్ అని మూడు జిల్లాలు. అక్కడ చక్మా, మార్మా, త్రిపుర, మ్రో, తంచంగ్యా, పాంఖువా, ఖుమీ, ఖ్యాంగ్, చాక్, లుషాయి, బోమ్ అని 11 తెగలున్నాయి. వీళ్లలో చక్మాలు లక్షల్లో ఉన్నారు, బోమ్ వాళ్లు 2022 జనాభా లెక్కల్లో 13 వేలకి అటూ ఇటూగా తేలారు. మన మియాపూర్‌లో రెండు మూడు పెద్ద గేటెడ్ కమ్యూనిటీల జనం అనుకోండి, ఒక జాతి మొత్తం అంతే! ఎక్కువమంది బాందర్‌బన్ జిల్లాలో రుమా, రోవాంగ్‌ఛరి, థాంచి అనే మూడు ఉపజిల్లాల్లో ఉంటారు, కొంతమంది రంగామాటి జిల్లా బిలాయ్‌ఛరి వైపు. ఊళ్లు కొండ వాలుల మీదా శిఖరాల మీదా కట్టుకుంటారు, ఇళ్లు కర్రల మీద పైకి లేపి వెదురు తడికలతో కట్టినవి.

వాళ్ల భాష కుకీ-చిన్ కుటుంబానిది, అంటే మిజో భాషకీ, మిజోరంలోనే లాంగ్‌త్లాయ్ జిల్లాలో మాట్లాడే లాయ్ భాషకీ దగ్గరది, బెంగాలీతో ఏ చుట్టరికమూ లేదు. మీ పై పోర్షన్ అమ్మాయి చుట్టాలు అక్కడెలా ఉన్నారంటారా, చుట్టాలు ఎక్కడున్నవాళ్లు అక్కడే ఉన్నారండీ, దేశాల సరిహద్దు గీతే వాళ్ల మధ్యలోంచి పోయింది. మిజోరంలో కొందరు, బంగ్లాదేశ్‌లో ఎక్కువమంది, మయన్మార్ చిన్ రాష్ట్రంలో ఇంకొందరు.

ఆ గీత కథ చెప్పకపోతే మిగతావి అర్థం కావు కాబట్టి కొంచెం సాగదీస్తా. 1947లో ఆ కొండల్లో ముస్లింలు నూటికి ముగ్గురు కూడా లేరు, కాబట్టి ఇండియాకే వస్తామని అక్కడివాళ్లు గట్టిగా అనుకున్నారు. ఆగస్టు 15న రంగామాటిలో మన జెండా ఎగరేశారు. బాందర్‌బన్‌లో ఏమో బర్మా జెండా ఎగిరింది, ఎందుకంటే అక్కడి మార్మాలకి ఆ వైపు చుట్టరికం. రెండ్రోజులకి, 17న, ఇండియా-పాకిస్తాన్ సరిహద్దు తేల్చిన రాడ్‌క్లిఫ్ తీర్పు బయటికొచ్చింది, కొండలన్నీ తూర్పు పాకిస్తాన్‌కి! చిట్టగాంగ్ పోర్టుకి వెనకాల ఉన్న కొండలూ, కర్ణఫులి నదీ పోర్టుతో పాటే ఉండాలన్నది అప్పటి లెక్క. కొన్నాళ్లకి పాకిస్తాన్ సైనికులొచ్చి రెండు జెండాలూ దించేశారు. అక్కడున్న జనాన్ని ఎవరూ అడగలేదు. ఇక 13 వేల మందిని అడిగే ప్రశ్నే రాలేదు, అప్పటికి ఇంకా తక్కువే ఉండుంటారు.

అన్నా, మాది ఆసిఫాబాద్ దిక్కు, ఇప్పుడు ఉప్పల్‌ల ఉంటున్న, క్యాబ్ నడుపుత. మా తాత పోడు కొట్టిండు. ఆ బోమోళ్లు జూమ్ చేస్తరని రాసినవు, అది మా పోడేనా, వేరేనా? వాళ్లకు గూడ ఫారెస్టోళ్లతోటి లొల్లి ఉంటదా? — ఉప్పల్

తమ్ముడూ, అది మీ పోడే, పేరే వేరు. మీ తాత గనక లేచి వెళ్లి రుమా కొండ మీద నిలబడితే ఏ పని ఎప్పుడు చెయ్యాలో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేదు. జనవరి, ఫిబ్రవరిలో వాలు మీద అడవి కొడతారు, ఎక్కువ వెదురే ఉంటుంది. అది ఎండనిచ్చి మార్చి, ఏప్రిల్‌లో కాల్చేస్తారు, ఊరూరా పొగే పొగ. మొదటి వానలు పడగానే విత్తడం. నాగలి లేదు, ఎడ్లు లేవు, ఆ వాలు మీద ఎడ్లు నిలబడలేవు కూడా. దావ్ అనే పెద్ద కత్తి ఉంటుంది, అదే చెట్టు కొట్టడానికీ అదే వెదురు చీల్చడానికీ అదే విత్తడానికీ. ఆడా మగా వరసగా నిలబడి వాలు కింద నుంచి పైకి ఎక్కుతూ, దావ్ మొనతో నేలలో చిన్న గుంట, అందులో చేతిలో ఉన్న కలిపిన గింజలు కొన్ని, కాలితోనో కత్తితోనో మన్ను కప్పడం, ఇంకో అడుగు పైకి. గింజలు కలిపినవన్నా కదా, వడ్లు, నువ్వులు, పత్తి, మక్కలు, గుమ్మడి, దోస, మిరప అన్నీ ఒకే చేలో వేస్తారు, కోత మాత్రం ఒకేసారి ఉండదు. ముందు మక్కలూ దోసకాయలూ, తర్వాత ఆగస్టు నుంచి వడ్లు, ఆఖరికి నువ్వులు, పత్తి. అంటే వానాకాలం మొదట్నుంచి చలి మొదలయ్యేదాకా ఏదో ఒకటి ఇంటికొస్తూనే ఉంటుంది. పంట పాలు పోసుకునేటప్పుడు చేలో మంచె కట్టుకుని కుటుంబమంతా అక్కడే పడుకుంటారు, అడవిపందులూ కోతులూ రాకుండా. వచ్చిన పంటని వెదురు బుట్టలో పోసి, ఆ బుట్ట పట్టీని నుదుటికి వేసుకుని వీపు మీద ఊరికి మోసుకొస్తారు. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి, దిగేటప్పుడు చెట్టో పొదో పట్టుకోవాలి కదా మరి.

ఇంక లొల్లి సంగతి. ఉందిరా అబ్బీ, కాకపోతే వేరే రకం. బ్రిటిష్ వాళ్లు 1880ల్లోనే ఆ కొండల్లో నాలుగో వంతు దాకా రిజర్వ్ ఫారెస్టు చేసేసి అందులో జూమ్ వద్దన్నారు, మన ఆదిలాబాద్‌లో నిజాం సర్కారు కాలంలో జరిగిందీ ఇలాంటిదే, ఆ తర్వాతే కదా జోడేఘాట్‌లో కొమరం భీం లేచింది. మిగిలిన నేలకి 1900లో ఒక రెగ్యులేషన్ తెచ్చారు, ఇప్పటికీ అదే ఆధారం. ఊరికి కార్బారి, కొన్ని ఊళ్లు కలిసిన మౌజాకి హెడ్‌మాన్, పైన సర్కిల్ చీఫ్. బాందర్‌బన్‌కి బోమాంగ్ రాజా, ఆయన మార్మా, బోమ్ కాదు, పేరు చూసి మోసపోవద్దు. జూమ్ పన్ను ఇంటికింత అని హెడ్‌మాన్ వసూలు చేస్తాడు, ఎకరాల లెక్క లేదు, ఎందుకంటే ఏ ఇల్లు ఏ వాలు కొడుతుందో ప్రతి ఏడూ ఊరే తేల్చుకుంటుంది. మన దగ్గరైతే 2006 అటవీ హక్కుల చట్టం కింద మనిషి పేరున పట్టా వస్తది, 2023 జూన్‌లో పోడు పట్టాలు పంచడం మీ ఆసిఫాబాద్ నుంచే మొదలుపెట్టారు కదా. అక్కడ చాలా కుటుంబాలకి చేతిలో కాయితమే లేదు. కాయితం లేని నేలని రబ్బరు తోటకనో, టూరిజంకనో, ఇంకోదానికనో ఇంకొకరికి లీజుకిస్తే వీళ్లు ఏం చూపించి అడగాలి? నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది.

జూమ్ అడవిని నాశనం చేస్తుందని చదువుకున్నవాళ్లం తేలిగ్గా అనేస్తాం. ఒకసారి కొట్టిన వాలుని 10, 15 ఏళ్లు వదిలేసేవాళ్లు, మళ్లీ వెదురు అంతా లేచేది, నేల కోలుకునేది. ఇప్పుడు మూడు నాలుగేళ్లకే మళ్లీ అదే వాలుకి రావాల్సొస్తోంది. ఎందుకు? 1962లో కాప్తాయ్ డ్యామ్ పూర్తయింది, కర్ణఫులి మీద. ఆ కొండల్లో నాగలి పొలాల్లో దాదాపు 40 శాతం మునిగిపోయాయి, లక్ష మంది దాకా, ఎక్కువ చక్మాలు, కొంప వదిలి పైకి ఎక్కారు. తర్వాత 1979 నుంచి సర్కారే మైదానాల బెంగాలీలని లక్షల్లో తెచ్చి కొండల్లో కూర్చోబెట్టింది. నేల అంతే, జనం పెరిగారు, రిజర్వ్ ఫారెస్టు గీతలు కదల్లేదు. ఇన్ని జరిగాక తప్పు జూమ్‌దే అంటే ఎలా? చాలామంది బోమ్ రైతులు ఇప్పుడు తోటలకి మళ్లారు, మామిడి, అనాస, జీడిమామిడి, అల్లం, పసుపు. చేతికి డబ్బు కనపడుతుంది, కాకపోతే బియ్యం కొనుక్కోవాలి, రుమా బజారు దాకా దిగాలి, ఆ దారి మూసేస్తే తోట నిండా పండున్నా ఇంట్లో అన్నం ఉండదు. దారి మూసేయడం ఊరికే అనలేదు, కింద అశోక్‌నగర్ పిల్లాడి జవాబు చదువు.

ఇంకోటి, వెదురు. మూళీ వెదురు అని ఆ కొండల నిండా ఉంటుంది, 48 ఏళ్లకి అటూ ఇటూగా ఒకేసారి పూస్తుంది, కాయలు రాల్తాయి, ఎలకలు తిని వేలల్లో పుడతాయి, కాయలు అయిపోయాక జూమ్ చేల మీద పడతాయి. 2007, 2008లో అదే జరిగింది, మిజోరంలోనూ బంగ్లాదేశ్ కొండల్లోనూ. రాత్రికి రాత్రి చేను ఖాళీ. అడవి దుంపలు తవ్వుకుని బతికిన ఊళ్లున్నాయి. ఈసారి లెక్క 2055 ప్రాంతంలో, అప్పటికి ఈ కాలమ్ రాసేవాడు ఉండడు, నువ్వు గుర్తుపెట్టుకో.

అన్నయ్య గారూ, మా బాబుకి రాత్రిళ్లు కథలు కావాలి, పేదరాశి పెద్దమ్మ అయిపోయింది, రాజులూ అయిపోయారు. ఈ బోమ్ వాళ్ల కథ ఏదైనా ఉంటే చెప్పండి. — కూకట్‌పల్లి

ఉందమ్మా, మంచి కథ. రుమా పైన కొండల మధ్య బొగా లేక్ అని ఒక చెరువుంది, సముద్రమట్టానికి 1,200 అడుగుల పైన. చుట్టూ కొండలు, పైనుంచి ఏ పెద్ద వాగూ వచ్చి అందులో పడదు, నీళ్లు మాత్రం ఎప్పుడూ ఉంటాయి, కొన్ని రోజులు రంగు మారి బురద నీళ్లలా అవుతాయి కూడా. ఒడ్డునే బోమ్ వాళ్ల ఊరు.

పూర్వం అక్కడ చెరువు లేదట, ఊరే ఉండేదట. ఊళ్లో మేకలు మాయం, పందులు మాయం, ఆఖరికి పిల్లలు కూడా మాయం. చూస్తే కొండ బొరియలో ఒక పెద్ద సర్పం, కొందరు డ్రాగన్ అంటారు. ఊరంతా కలిసి దాన్ని పట్టి లాగి చంపి, కోసి వండుకుని పంచుకు తిన్నారట. ఒక్క ముసలమ్మ మాత్రం తినలేదు. ఆ రాత్రి ఆమెకి కల, ఊరు వదిలి పో అని. ఆమె పోయింది, తెల్లారేసరికి ఊరు ఊరంతా కుంగిపోయి చెరువైంది. చెప్పేవాళ్లని బట్టి కథ కొంచెం కొంచెం మారుతుంది, మీరూ మార్చుకోండి. బాబు చిన్నవాడైతే పిల్లలు మాయమయ్యారన్న ముక్క తీసేయండి, లేకపోతే తెల్లవార్లూ మీరే మేలుకోవాలి.

సార్, నేను అశోక్‌నగర్‌లో గ్రూప్స్‌కి ప్రిపేర్ అవుతున్నా. కరెంట్ అఫైర్స్‌లో కేఎన్ఎఫ్ అని వచ్చింది, బోమ్ టెర్రరిస్ట్ గ్రూప్ అని మా మెటీరియల్‌లో ఉంది. రెండు లైన్లలో నోట్స్‌లా ఇవ్వగలరా? — అశోక్‌నగర్

రెండు లైన్లలో ఇవ్వను బాబూ, రెండు లైన్లలో ఇస్తేనే మీ మెటీరియల్‌లో అలా తయారవుతుంది.

కేఎన్ఎఫ్ అంటే కుకీ-చిన్ నేషనల్ ఫ్రంట్. దాని నాయకుడు నాథన్ బోమ్, ఢాకా యూనివర్సిటీలో ఫైన్ ఆర్ట్స్ చదివినవాడు. 2022లో ఈ సంస్థ పేరు బయటికి గట్టిగా వినపడింది. రంగామాటి, బాందర్‌బన్ జిల్లాల్లో తొమ్మిది ఉపజిల్లాలు కలిపి బోమ్, పాంఖువా, లుషాయి, ఖుమీ, మ్రో, ఖ్యాంగ్ తెగలకి వేరే స్వయంపాలన కావాలన్నది వాళ్ల డిమాండ్. ఎందుకంటే 1997 డిసెంబర్ 2న బంగ్లాదేశ్ సర్కారు కొండ ప్రాంతాల శాంతి ఒప్పందం చేసుకుంది కదా, అది చేసుకున్న పార్టీలో చక్మాల పెత్తనమే ఎక్కువ, చిన్న తెగలకి ఏమీ దక్కలేదని వీళ్ల ఫిర్యాదు. ఫిర్యాదులో నిజం లేకపోలేదు, తుపాకీ పట్టడం వేరే సంగతి. డబ్బు తీసుకుని ఒక ఇస్లామిస్ట్ మిలిటెంట్ గ్రూపుకి ట్రైనింగ్ ఇచ్చారని అక్కడి భద్రతా దళాలు 2022 అక్టోబర్‌లో ఆరోపించాయి, ఆపరేషన్ మొదలైంది. నవంబర్ నుంచి బోమ్ కుటుంబాలు పిల్లాజెల్లాతో అడవి దాటి మిజోరం లాంగ్‌త్లాయ్ జిల్లా పర్వా వైపు రావడం మొదలుపెట్టారు, మొదట వందల్లో, తర్వాత 2 వేల దాకా అని వార్తలు. 2023 ఏప్రిల్‌లో రోవాంగ్‌ఛరిలో ఎనిమిది మంది బోమ్ మగవాళ్ల శవాలు దొరికాయి. అదే ఏడాది చర్చలు కూడా మొదలయ్యాయి, 2024 మార్చిలో ఇంకోసారి కూర్చున్నారు. సరిగ్గా నెల తిరక్కుండానే ఏప్రిల్ 2, 3 తేదీల్లో రుమాలోనూ థాంచిలోనూ బ్యాంకుల మీద దాడులు, తుపాకులు ఎత్తుకెళ్లడం, ఒక మేనేజర్ కిడ్నాప్, తర్వాత విడుదల. చర్చలు అక్కడితో సరి.

ఇంతవరకూ నీ నోట్స్. ఇక నీ నోట్స్‌లో ఉండనిది. బ్యాంకు దాడి చేసినవాళ్లు ఎంతమంది? మొత్తం జాతిలో కొందరే. తర్వాత అరెస్టయింది వందకి పైగా బోమ్ జనం, అందులో ఆడవాళ్లున్నారు, స్టూడెంట్లున్నారు, తల్లులతో పాటు జైలుకెళ్లిన చంటిపిల్లలున్నారు. కొండల్లోకి బియ్యం ఎక్కువ తీసుకెళ్తే మిలిటెంట్లకి పెడతారని ఒక్కో కుటుంబానికి 5 కేజీలకి మించి మోసుకెళ్లనివ్వలేదని వార్తలొచ్చాయి. 5 కేజీలు, ఆరుగురున్న ఇల్లు, కొండ దిగి మళ్లీ ఎక్కడానికి పూట పడుతుంది. 2025లో కస్టడీలో ఉన్న బోమ్ ఖైదీలు కనీసం ముగ్గురు చనిపోయారు, విచారణ పూర్తి కాకుండానే. కోటి మంది ఉన్న కులంలోనో జాతిలోనో పదిమంది తుపాకీ పడితే మిగతావాళ్లని ఎవరూ పట్టించుకోరు. 13 వేల మందిలో పదిమంది పడితే ప్రతి ఇంటి తలుపూ కొడతారు, ఎందుకంటే ఆ ఇంటిపేరు అందరిదీ ఒకటే, పేరు చివర బోమ్ అని. "బోమ్ టెర్రరిస్ట్ గ్రూప్" అని మీ మెటీరియల్ రాసింది కూడా అదే పని. కేఎన్ఎఫ్ అని రాయి, మార్కులు తగ్గవు.

నేను శిల్పారామం నైట్ బజార్‌లో చేనేత స్టాల్ పెడతాను, మాది పోచంపల్లి. నాగాలాండ్, మిజోరం వాళ్ల శాలువలు చూశాను. బోమ్ వాళ్లకీ నేత ఉందా, మగ్గం ఎలా ఉంటుంది? — ఒక పాఠకురాలు

ఉందండీ, ఆడవాళ్లే నేస్తారు. మీ గుంట మగ్గం చూసినవాళ్లకి అసలిది మగ్గమేనా అనిపిస్తుంది, ఎందుకంటే ఫ్రేము లేదు. పడుగు ఒక కొస ఇంటి గోడకో స్తంభానికో కట్టేస్తారు, రెండో కొస నేసేవాళ్ల నడుముకి, వెనకనుంచి ఒక పట్టీతో. నేల మీద కాళ్లు చాపుకుని కూర్చుని వెనక్కి వాలితే పడుగు బిగుస్తుంది, కొంచెం ముందుకి వంగితే వదులవుతుంది, అంటే మగ్గంలో సగం నేసే మనిషే. పేక దారం దూర్చాక ఒక చెక్క కత్తితో గట్టిగా దంచుతారు. చేతులు చాపినంత మేరే వెడల్పు వస్తుంది కాబట్టి దుప్పటి కావాలంటే రెండు ముక్కలు నేసి మధ్యలో కుడతారు. లేచి పని ఉంటే చుట్టచుట్టి మూల పెట్టేస్తే సరి, మీకులాగా మగ్గానికి ఒక గది అక్కర్లేదు. పూర్వం జూమ్ పత్తి వడికేవాళ్లు, ఇప్పుడు ఎక్కువ బజారు దారమే, రంగులు బాగా కొట్టొచ్చినట్టుంటాయి.

బాందర్‌బన్ టౌన్ దగ్గర ఫారూక్ పారా అనే బోమ్ ఊరుంది, పక్కనే శైల ప్రపాతం అనే జలపాతం, అక్కడికొచ్చే టూరిస్టులకి బోమ్ ఆడవాళ్లు శాలువలు, మఫ్లర్లు, దుప్పట్లు, పళ్లు పరిచి అమ్ముతారు. మీ వ్యాపారం తెలిసినవాళ్లు కాబట్టి ఒక మాట, టూరిస్టు రాకపోతే ఆ పూట బేరం లేదు, అంతే. పోచంపల్లికి ఆన్‌లైన్ ఉంది, సొసైటీ ఉంది, సోమవారం ఆఫీసుల్లో చేనేత కట్టమనేవాళ్లున్నారు, అక్కడ వాళ్లకి రోడ్డే షోరూమ్.

వాళ్లందర్నీ మిషనరీలు క్రైస్తవంలోకి మార్చేశారట కదా, సొంత సంస్కృతి పోయినట్టేగా? మీలాంటివాళ్లు ఆ సంగతి రాయరు. — రిటైర్డ్ ఉద్యోగి, సైనిక్‌పురి

రాస్తానండీ, రాయకపోవడానికేముంది. 1918 ప్రాంతంలో ఎడ్విన్ రోలాండ్స్ అనే వెల్ష్ మిషనరీ ద్వారా బోమ్ వాళ్లలోకి క్రైస్తవం వచ్చింది. ఆయన కథే ఒక సినిమా, మిజోరంలో పనిచేస్తూ మిజో అమ్మాయితో ప్రేమ కారణంగా సొంత మిషన్‌తోనే తెగిపోయింది. ఇప్పుడు బోమ్ వాళ్లు దాదాపు అందరూ క్రైస్తవులే. అంతకు ముందు వాళ్లు కొలిచిన దేవుడు ఖోజింగ్. 1869లో లూయిన్ అనే బ్రిటిష్ ఆఫీసర్ ఆ కొండల గురించి పుస్తకం రాశాడు, పులి ఖోజింగ్ ఇంటి కుక్క అని, అందుకే తన యజమాని పిల్లల్ని ఏమీ చెయ్యదని అక్కడివాళ్లు చెప్పారట. ఎంత బావుందో చూడండి, ఇలాంటివి చాలా పోయాయి, బలులు పోయాయి, బియ్యపు సారా పోయింది, పాత పాటల్లో కొన్ని పోయాయి. వెదురు బొంగుల మధ్య అడుగులేసే డాన్స్ ఉంటుంది కదా, అది ఆ కొండ తెగల్లో పూర్వం అకాల మరణం జరిగిన చోట పోయినవాళ్ల ఆత్మ కోసం వేసేది, ఇప్పుడు స్టేజీ ఎక్కింది.

కానీ వచ్చిందేంటో కూడా చూడాలి. రోమన్ లిపిలో వాళ్ల భాషకి రాత వచ్చింది, చదువొచ్చింది. బంగ్లాదేశ్ సర్కారు 2017 నుంచి ఐదు భాషల్లో, చక్మా, మార్మా, కోక్‌బొరోక్, గారో, సాద్రి, చిన్న క్లాసుల పిల్లలకి మాతృభాషలో పుస్తకాలిస్తోంది, బోమ్ అందులో లేదు. మరి బోమ్ పిల్లాడు తన భాష అక్షరాల్లో చూసేది ఎక్కడ? చర్చిలో పాటల పుస్తకంలోనే. మిజోరం వచ్చిన శరణార్థులకి మొదట అన్నం పెట్టిందీ అక్కడి చర్చిలూ లాయ్ యువజన సంఘాలే, ఇండియా 1951 శరణార్థుల ఒప్పందం మీద సంతకం పెట్టలేదు కాబట్టి సర్కారు లెక్కలో వాళ్లు శరణార్థులు కూడా కారు. మీరు సంస్కృతి పోయిందని బాధపడుతున్నారు, మంచిదే, మరి భూమి పోయినా భాష బడిలో లేకపోయినా పోయేది కూడా సంస్కృతే కదండీ, దాని మీద కూడా ఒక ఉత్తరం రాయండి, వేస్తాను.

మాసబ్ ట్యాంక్ ట్రైబల్ మ్యూజియంలో వీళ్లవి ఏమైనా ఉంటాయా? పిల్లల్ని తీసుకెళ్దామని. — టోలిచౌకి

ఉండవు. అక్కడున్నవి మన గోండులు, కోయలు, చెంచులు, లంబాడాలు వగైరా. అయినా తీసుకెళ్లండి, మనవాళ్ల సంగతి మనకి తెలిసిందేముంది.

బొంగు చికెన్ వాళ్లది కూడానా సార్? మారేడుమిల్లిలో తిన్నా, అదిరింది. — ఒక బ్యాచిలర్, అమీర్‌పేట్

వెదురున్న కొండ ఎక్కడున్నా బొంగులో వంట ఉంటుంది బాబూ, పేటెంట్ ఎవరికీ లేదు. చిట్టగాంగ్ కొండల్లోనూ చికెన్, చేప బొంగులో పెట్టి నిప్పుల మీద తిప్పుతూ వండుతారు. వెదురు చిగుళ్లు మాత్రం వాళ్లు మనకన్నా చాలా ఎక్కువ తింటారు, వానాకాలం మొత్తం అదే కూర.

మేం నలుగురం ఫ్రెండ్స్ ట్రెక్కింగ్ చేస్తాం, అనంతగిరి, భువనగిరి కోట అన్నీ అయిపోయాయి. కియోక్రాడాంగ్, బొగా లేక్ యూట్యూబ్‌లో చూశాం. హైదరాబాద్ నుంచి ఎలా వెళ్లాలి? — గచ్చిబౌలి

కియోక్రాడాంగ్ 3 వేల అడుగులు దాటిన శిఖరం, దారిలో అన్నీ బోమ్ ఊళ్లే, రాత్రి పడుకునే గదులూ అన్నం పెట్టే ఇళ్లూ వాళ్లవే, అంటే టూరిస్టులు వెళ్తే వాళ్లకి నాలుగు డబ్బులు. అందుకని వద్దని చెప్పడం నాకిష్టం లేదు. కానీ మనం ఇండియన్లం, అక్కడ ఫారినర్లం, బంగ్లాదేశ్ వీసా ఒక్కటే చాలదు, కొండ జిల్లాల్లోకి వెళ్లడానికి విడిగా పర్మిషన్ కావాలి. 2022 నుంచి గొడవల వల్ల రుమా, రోవాంగ్‌ఛరి, థాంచి వైపు టూరిస్టుల్ని ఆపడం, తెరవడం, మళ్లీ ఆపడం జరుగుతూ వచ్చింది. టికెట్లు బుక్ చేస్కుని బాందర్‌బన్ చెక్‌పోస్ట్ దగ్గర వెనక్కి తిరగడం కన్నా ఇప్పటికి మిజోరం వెళ్లండి, అదే కొండల వరస, అదే వెదురు, దగ్గర చుట్టాల భాష.

మిజోరంకి మనకి కూడా ఇన్నర్ లైన్ పర్మిట్ కావాలి, ఆన్‌లైన్‌లో అప్లై చేయొచ్చు, ఆధార్, ఫోటో రెడీగా పెట్టుకోండి. సికింద్రాబాద్ నుంచి ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్‌లో హౌరా, కోల్‌కతా నుంచి ఐజ్వాల్ పక్కనున్న సాయిరంగ్ దాకా ఇప్పుడు రైలుంది, 2025 సెప్టెంబర్‌లో ఆ లైను ఓపెన్ చేశారు, సొరంగాలూ వంతెనలే దారంతా, పగలు పడేలా చూస్కోండి. ఐజ్వాల్ నుంచి లాంగ్‌త్లాయ్ ఇంకో 300 కిలోమీటర్ల దాకా ఉంటుంది, షేరింగ్ సుమోలో పూర్తిగా ఒక రోజు, వానాకాలంలో అయితే కొండ విరిగిపడి రోడ్డు మూసుకుపోతుంటుంది కాబట్టి నవంబర్ నుంచి మార్చి లోపు పెట్టుకోండి. శరణార్థుల శిబిరాలున్న ఊళ్ల వైపు కెమెరా పట్టుకుని మాత్రం పోకండి, వీడియోలో మొహం పడితే అవతల ఉన్న వాళ్ల అన్నకో తండ్రికో ఏమవుతుందో వాళ్లకి తెలుసు, మనకి తెలియదు. ఇంకోటి, ఆదివారం అక్కడ షాపులు, హోటళ్లు, సుమోలు అన్నీ బంద్, శనివారం సాయంత్రమే నీళ్లూ బిస్కెట్లూ కొని పెట్టుకోండి, పర్సులో క్యాష్ కూడా ఉంచుకోండి.